కట్నంగా వెళ్ళిన నగరం



మన బందరులో వలందపాలెం ఉంది, ఫరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. డచ్చివారు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు ఈ రేవును పట్టుకుని వ్యాపారం చేశారనడానికి ఆ పేర్లే సాక్ష్యం. ఆంగ్లేయుల కంపెనీ 1611లోనే ఇక్కడ వర్తకస్థానం పెట్టుకుంది. అప్పటికి బొంబాయిలో వారికి గజం నేల కూడా లేదు. బొంబాయి వారి చేతికి ఎలా వచ్చిందో పిల్లల చరిత్ర పుస్తకంలో ఒక్క వాక్యంలో చెబుతారు: పోర్చుగల్ రాజకుమార్తెను పెండ్లాడినందుకు ఇంగ్లండు రాజుకు కట్నంగా వచ్చింది. ఆ వాక్యాన్ని మనలో చాలామంది బడిలో బట్టీ పట్టినవాళ్ళమే. ఆ రాజకుమార్తె పేరేమిటి, పెండ్లయిన తరువాత ఆమె బ్రతుకు ఏమైంది అని ఏ పరీక్షలోనూ అడగలేదు. నగరం గుర్తుంది. పిల్ల గుర్తు లేదు.

ఆమె పేరు కేథరిన్. బ్రగాంజా వంశం. మన కథోలిక ఆడబిడ్డ. పాస్కా పండుగ దాటగానే మన విచారణలలో పెండ్లి ప్రకటనలు మొదలవుతాయి. బందరులోనైనా, గుడివాడలోనైనా, దివిసీమలోనైనా ఆ ప్రకటనలకు ముందు నడిచే బేరసారాలు మీకు తెలియనివి కావు. కాబట్టి ఆమె కథ ఆసరాగా ఒక ప్రశ్నను మీ ముందు పెట్టదలచుకున్నాను. పెద్దలు కుదిర్చిన బేరం మధ్య నిలబడి ఒక ఆడపిల్ల 'ఇష్టమే' అంటే, ఆ మాట నిజంగా ఆమెదేనా? తరువాత ఆమె ఓర్చుకుని కాపురం నిలబెట్టుకుంటే, ఆ బేరం చేసినవారు చేసింది మంచిపనేనని తేలిపోతుందా?

కేథరిన్ 1638 నవంబరు 25న, అలెగ్జాండ్రియా పునీత కేథరిన్ పండుగనాడు పుట్టింది. ఆమెకు ఆ పేరు అందుకే. అప్పటికి తండ్రి రాజు కాదు, బ్రగాంజా ప్రభువు మాత్రమే. అరవై ఏళ్ళుగా పోర్చుగల్ స్పెయిన్ రాజుల క్రింద ఉండేది. 1640 డిసెంబరులో పోర్చుగీసువారు తిరగబడి ఆయనను రాజుగా నిలబెట్టారు. ఆ విధంగా రెండేళ్ళ పసిపిల్ల రాజకుమార్తె అయింది. కాని ఆ సింహాసనాన్ని స్పెయిన్ ఒప్పుకోలేదు. స్పెయిన్ ఒత్తిడి వలన రోము కూడా చాలాకాలం గుర్తించలేదు. చుట్టూ శత్రువులు, చేతిలో కొత్త రాజ్యం. 1656లో తండ్రి చనిపోయాడు. కొడుకు చిన్నవాడు కాబట్టి తల్లి లూయీసా రాజ్యభారం మోసింది. ఆమెకు యుద్ధనౌకలు కావాలి, సైనికులు కావాలి, ఒక బలమైన స్నేహితుడు కావాలి. ఇంట్లో పెండ్లికి ఎదిగిన కూతురు ఉంది.

1661 జూన్‌లో ఒప్పందం కుదిరింది. ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్‌కు కేథరిన్‌నిచ్చి పెండ్లి చేస్తారు. కట్నం 20 లక్షల క్రుసాదోలు, అంటే ఆనాటి ఇంగ్లండు లెక్కలో 3 లక్షల పౌన్లకు పైమాటే. దానితోపాటు ఆఫ్రికా ఉత్తర తీరాన టాంజియరు, మన దేశపు పడమటి తీరాన బొంబాయి. పోర్చుగీసు వలసరాజ్యాలలో వర్తకపు హక్కులు. బదులుగా ఇంగ్లండు స్పెయిన్ నుంచి పోర్చుగల్‌ను కాపాడుతుంది. బొంబాయి ప్రజలు తమ రోమను కథోలిక విశ్వాసాన్ని స్వేచ్ఛగా పాటించుకోవచ్చునని కూడా ఒప్పందంలో రాశారు. మంచిదే. కాని ఆ దీవిలో వలలు వేసుకునే జాలరివారికి, కొబ్బరితోటలవారికి తాము కట్నంలో భాగమయ్యామన్న కబురు ఎవరు చెప్పి ఉంటారు? పిల్లతోపాటు వాళ్ళను కూడా లెక్కలో వేశారు.

తీరా ఓడలు బయలుదేరే వేళకు లూయీసా రాణి దగ్గర సొమ్ము సరిపోలేదు. యుద్ధాలలో ఖజానా ఖాళీ అయిపోయింది. సగం కట్నమే సర్దగలిగింది. అదీ రొక్కంగా కాదు. పంచదార, సుగంధద్రవ్యాలు, నగలు, హుండీ కాగితాలు ఓడలకెక్కించింది. తీసుకువెళ్ళడానికి వచ్చిన ఆంగ్ల నౌకాధిపతికి ఏం చేయాలో తోచలేదు. చివరకు తీసుకునే వెళ్ళాడు. మిగతా సగం బాకీ. కూతుర్ని అత్తవారింటికి పంపుతూ, 'మిగిలింది పంట వచ్చాక ఇస్తాం బావగారూ' అని తలవంచుకుని చెప్పే తండ్రులను మన పల్లెల్లో చూసినవారికి ఆ రేవు దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు.

ఇదంతా తెల్లదొరల సంగతి, మనకెందుకు అనుకోవద్దు. దీనికి అయిదారేళ్ళ ముందు మన రాజ్యంలోనూ అదే జరిగింది. అప్పట్లో మచిలీపట్నం గోల్కొండ సుల్తానుల రేవు. 1656లో ఔరంగజేబు సేనలు హైదరాబాదు మీద పడ్డాయి. సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా గోల్కొండ కోటలో చిక్కుకున్నాడు. అప్పుడు అతని తల్లి హయాత్ బక్షీ బేగం, మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, తానే శత్రువు విడిదికి వెళ్ళి కొడుకు కొరకు వేడుకుంది. సంధి కుదిరింది. కోటి రూపాయలు, రామగిరి ప్రాంతం, సుల్తాను కూతురు. ఆ పిల్లను ఔరంగజేబు పెద్దకొడుకు మహమ్మద్ సుల్తానుకిచ్చి పెండ్లి చేశారు. నాలుగేళ్ళు తిరగకముందే ఆ కుర్రవాడు వారసత్వ యుద్ధంలో తండ్రికి ఎదురు పక్షంలో చేరి, పెదతండ్రి కూతురిని పెండ్లాడి, పట్టుబడి చెరసాల పాలయ్యాడు. 1676లో ఆ చెరలోనే పోయాడు. తెల్లవారైనా నల్లవారైనా, క్రైస్తవులైనా మహమ్మదీయులైనా, ఆపద వచ్చినప్పుడు మొదట తాకట్టు పెట్టేది ఆడపిల్లనే. హయాత్ బక్షీ బేగాన్ని నేను తక్కువ చేయడం లేదు. కొడుకు ప్రాణం కొరకు శత్రువు గుడారంలో నిలబడిన ముసలితల్లి సామాన్యురాలు కాదు. కాని ఆ సంధిపత్రంలో రూపాయల వరుసలో, గ్రామాల వరుసలో మనవరాలు కూడా ఉంది.

ఇక ప్రశ్నకు వద్దాం. ఇలాంటి స్థితిలో పలికిన 'ఇష్టమే' ఎవరిది?

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో ఒక ఉదాహరణ ఇచ్చాడు. తుఫానులో చిక్కిన ఓడవారు ప్రాణాలు దక్కించుకోవడానికి సరుకంతా సముద్రంలోకి విసిరేస్తారు. మామూలుగా ఎవరూ తమ సరుకును తామే పారవేసుకోరు. అయినా ఆ క్షణంలో చేతులెత్తి విసిరింది వాళ్ళే. కనుక అది ఇష్టపూర్వకమా, బలవంతమా? రెండూ కలిసినదే అన్నాడు. అయితే ఆ ఘడియకు ఎంచుకున్నది వాళ్ళే కాబట్టి ఇష్టం వైపే మొగ్గుతుంది అన్నాడు. నాగాయలంక, కోడూరు వైపు సముద్రం మీదికి వెళ్ళే మన మత్స్యకారులకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. గాలి తిరిగినప్పుడు వల కోసేసుకుని ఒడ్డు చేరినవారు వాళ్ళలో ఉన్నారు.

శ్రీసభ వేదాంతులు ఈ ఆలోచనను పెండ్లికి కూడా అన్వయించారు. కాని ఒక పెద్ద తేడా గుర్తించారు. సముద్రం మీది తుఫానును ఏ మనిషీ పుట్టించలేదు. పెండ్లి బేరమనే తుఫానును పుట్టించేది మనుషులే. 'నువ్వు కాదంటే మీ నాన్న ఉరి పోసుకుంటాడు', 'నీ వెనుక ఇద్దరు చెల్లెళ్ళున్నారు', 'తాంబూలాలు మార్చుకున్నాక ఊళ్ళో తలెత్తుకోగలమా' అని గాలి రేపేదీ మనుషులే. ఆ పిల్ల విసిరేసిన సరుకును ఏరుకోవడానికి గట్టున కూర్చునేదీ మనుషులే. అందుచేత శ్రీసభ ఈ విషయంలో గట్టిగానే మాట్లాడింది. పెండ్లి చేసుకోవడంలోగాని, కన్యవ్రతం పాటించడంలోగాని బిడ్డలు తల్లిదండ్రులకు విధేయులు కానక్కరలేదని పునీత తోమాసు అక్వీనాసుగారు 13వ శతాబ్దంలోనే రాశారు. బిడ్డలు తల్లిదండ్రులకు లోబడాలని నూరుసార్లు చెప్పిన ఆయనే ఆ ఒక్క గుమ్మం దగ్గర తల్లిదండ్రులను ఆపివేశారు. 1563లో త్రెంతు మహాసభ, తమ క్రింది ప్రజలను బలవంతంగా పెండ్లికి ఒప్పించే ప్రభువులను, అధికారులను శ్రీసభనుంచి వెలివేస్తామని శాసించింది. 1983నాటి శ్రీసభ చట్టం 1057వ సూత్రంలో వధూవరుల సమ్మతే వివాహాన్ని కలుగజేస్తుందని, ఆ సమ్మతిని వారికి బదులుగా మరే మానవశక్తీ ఇవ్వజాలదని ఉంది. తీవ్రమైన భయంతో చేసుకున్న పెండ్లి చెల్లదని 1103వ సూత్రం. కత్తి చూపి బెదిరిస్తేనే భయమని కాదు. పెద్దలంటే ఉన్న గౌరవమే భయంగా మారి మనసును నొక్కివేయవచ్చునని మన శ్రీసభ న్యాయస్థానాలకు బాగా తెలుసు.

పెండ్లికి ముందు జరిగే విచారణలో గురువు వధువును ఒంటరిగా పిలిచి అడుగుతాడు. 'ఈ సంబంధం నీకు ఇష్టమేనా అమ్మా?' తరచు వినవచ్చే జవాబు ఏమిటో తెలుసా? 'నాన్నగారికి ఇష్టమేనండి.' అడిగిన ప్రశ్న ఒకటి, వచ్చిన జవాబు మరొకటి. 'నాన్నగారి సంగతి కాదమ్మా, నీ సంగతి చెప్పు' అంటే తల వంచుకుని, 'నాకూ ఇష్టమేనండి' అంటుంది. ఇందులో ఎంత పాలు ఆమెదో, ఎంత పాలు నాన్నగారిదో కొలిచే త్రాసు ఏ గురువు దగ్గరా లేదు. పెద్దలు సంబంధం చూడడమే తప్పని నేను అనడం లేదు. ఆదికాండము 24వ అధ్యాయం చదవండి. అబ్రహాము సేవకుడు వచ్చి రెబ్కాను అడిగాడు. అన్న, తండ్రి ఒప్పుకున్నారు. నగలు ఇచ్చిపుచ్చుకున్నారు. అయినా మరునాడు ఆ పిల్లను పిలిచి, ఇతనితో వెళతావా అని అడిగారు. వెళతానంది. అప్పుడే సాగనంపారు. అదే గ్రంథంలో 31వ అధ్యాయం కూడా చదవండి. లాబాను కూతుళ్ళు లేయా, రాహేలు ఏమన్నారు? మా తండ్రి మమ్మల్ని అమ్మి ఆ సొమ్ము తినేశాడు అన్నారు. అదే వంశం, రెండు తరాలు. ఒక ఇంట్లో పిల్లను అడిగారు, మరొక ఇంట్లో పిల్లలను అమ్మారు. ఇక రక్షకుని తల్లి కాబోయే నజరేతు కన్యకను దేవదూత ద్వారా అడిగి, ఆమె జవాబు కొరకు సర్వేశ్వరుడే వేచి ఉన్నాడని మనం రోజుకు మూడుసార్లు త్రికాల ప్రార్థనలో తలచుకుంటున్నాం. దేవుడు అడిగాడు. మనకు తీరిక లేదు.

ఇక్కడ మీలో ఒకరు అడ్డుపడతారని నాకు తెలుసు. 'ఫాదర్ గారూ, అది కట్నం కాదండి, మా అమ్మాయి వాటా ఇస్తున్నాం. కొడుక్కి పొలం ఇస్తున్నప్పుడు కూతురికి ఇవ్వద్దా?' అని. ఈ మాటను తేలికగా తోసివేయలేం. గుడివాడ మాగాణుల్లో రెండెకరాలు పసుపు కుంకుమ క్రింద రాసిచ్చే తండ్రి మనసులో ప్రేమ ఉంటుంది, కాదనను. కూతురికి వాటా ఉండవలసిందే. 1925నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో కొడుకుకు, కూతురికి సమాన భాగం. కాని వాటా వేరు, ధర వేరు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ఆ పొలం ఎవరి పేరున ఉంది? ఆ డబ్బు ఎవరి బ్యాంకులో పడింది? అవతలివారు అడగకపోయినా ఇచ్చి ఉండేవారా? ఈ సంబంధం తప్పి వేరే సంబంధం వస్తే అంతే ఇస్తారా, పెండ్లికొడుకు ఉద్యోగాన్ని బట్టి అంకె మారుతుందా? మారితే అది వాటా ఎలా అవుతుంది? కూతురు ఒక్కతే. మారింది అల్లుడి ధర. 1961నాటి వరకట్న నిషేధ చట్టం తీసుకున్నవారినే కాదు, ఇచ్చినవారిని కూడా నేరస్థులుగానే చూస్తుంది. కనీసం అయిదేళ్ళ జైలు అంటుంది. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది 6వ విభాగం. పెండ్లి సందర్భంగా ఎవరి చేతికి ఏది వచ్చినా, మూడు నెలల లోపల దాన్ని పెండ్లికూతురికి అప్పగించి తీరాలని అందులో ఉంది. ఈ మూడు నెలల లెక్క పాటించిన వియ్యంకుడు మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా?

బొంబాయి సంగతే చూడండి. అది కేథరిన్ వాటా అని చెప్పుకోవచ్చు కదా. 1665లో ఆంగ్లేయులు దాన్ని స్వాధీనం చేసుకున్నారు. 1668లో రాజు చార్లెస్ ఆ దీవిని ఏడాదికి 10 పౌన్ల బంగారం అద్దెకు ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. ఎవరి పేరుమీద వచ్చిందో ఆ రాణి సంతకం ఆ పత్రానికి అవసరం లేకపోయింది.

1662 మే నెలలో పోర్ట్స్‌మత్ రేవులో ఆమె దిగింది. అప్పుడు ఆమెకు 23 ఏళ్ళు, ఆయనకు 32 నిండవస్తున్నాయి. మే 21న రెండుసార్లు పెండ్లి జరిగింది. మొదట గదిలో రహస్యంగా మన కథోలిక పద్ధతిలో, తరువాత బయట అందరిముందు ఆంగ్లికన్ పద్ధతిలో. ఆమె విశ్వాసం కారణంగా ఆమెకు పట్టాభిషేకం జరగలేదు. ఇరవై మూడేళ్ళు ఆ దేశపు రాణిగా ఉన్నా కిరీటధారణ లేకుండానే ఉండిపోయింది. ఇంగ్లండువారు ఈనాడు తాగే తేనీరు అక్కడి పెద్దయిండ్లకు అలవాటు కావడంలో ఆమెకు భాగముందని చెబుతారు. దాన్ని మాత్రం అందరూ కృతజ్ఞతతో గుర్తుంచుకున్నారు.

రెండు నెలలు గడవకముందే అసలు పరీక్ష వచ్చింది. రాజుకు బార్బరా పామర్ అనే ఉంపుడుగత్తె ఉంది. ఆమెను రాణి అంతఃపురంలో పరిచారికగా నియమించమని రాజు పట్టుబట్టాడు. రోజూ రాణి గదిలో మెలగే పదవి అది. ఈ స్త్రీ సంగతి తల్లి లూయీసా ముందే చెప్పి పంపింది. జాబితాలో ఆ పేరు కనిపించగానే కేథరిన్ కొట్టివేసింది. ఒకనాడు రాజే ఆ స్త్రీని చేయిపట్టి తీసుకొచ్చి సభలో పరిచయం చేశాడు. పేరు సరిగా వినబడక రాణి చేయి అందించింది. ఎవరో తెలియగానే కన్నీళ్ళు, ముక్కునుంచి రక్తం, స్పృహతప్పి పడిపోయింది. రాజుకు జాలి కలగలేదు, కోపం వచ్చింది. ఆమెతో వచ్చిన పోర్చుగీసు పరిచారకులలో చాలామందిని తిప్పి పంపివేశాడు. బాకీపడిన కట్నం సంగతి ఎత్తి పోర్చుగీసు రాయబారిని నిలదీశాడు.

అప్పుడు రంగంలోకి ఒక పెద్దమనిషి దిగాడు. ప్రధానమంత్రి వంటివాడు, క్లారెండన్ ప్రభువు. ఈ కోరిక తప్పని అతనికి తెలుసు. రాజుతో ఆ మాట చెప్పాడు కూడా. రాజు వినలేదు. ఆ తరువాత అదే మనిషి రాణి దగ్గరకు వెళ్ళి లొంగిపొమ్మని నచ్చచెప్పాడు. ఈ పెద్దమనిషిని మీరు గుర్తుపట్టారా? ప్రతి ఊళ్ళోనూ ఉన్నాడు. అల్లుడి తప్పు తెలుసు, అల్లుడికి చెప్పే ధైర్యం చాలదు. కాబట్టి అరుగుమీద కూర్చుని అమ్మాయికి చెబుతాడు. 'సర్దుకుపోవాలమ్మా. మగవాడు ఏదోవేళ దారికొస్తాడు. సిలువ మొయ్యకుండా కిరీటం లేదు' అంటాడు. వాక్యం కూడా కలిపి చెబుతాడు.

కొన్ని నెలలకు కేథరిన్ లొంగింది. ఒకనాడు ఉన్నట్టుండి ఆ స్త్రీతో నవ్వుతూ మాట్లాడింది. బార్బరాకు ఆ పదవి దక్కింది. మనం ఊహించేదేమిటి? భార్య ఓర్పు చూసి భర్త కరిగిపోయి ఉంటాడని. అలా జరగలేదు. లొంగిన తరువాత రాజు దృష్టిలో ఆమె విలువ పెరగకపోగా తగ్గిందని క్లారెండనే తరువాత రాసుకున్నాడు. లొంగమని చెప్పింది అతనే.

ఓర్పు సుగుణమే. పునీత తోమాసుగారు దానికి ప్రత్యేక ప్రశ్న కేటాయించి రాశారు. దుఃఖానికి మనసు విరిగిపోయి మంచిని వదిలివేయకుండా నిలబడడమే ఓర్పు అన్నారు. అందులో చెడును మంచి అనడం లేదు. ఓర్చుకునే మనిషి తన ఆత్మను కాపాడుకుంటుంది. కొట్టేవాని చెయ్యికి పవిత్రత అంటించదు. మన దగ్గర జరిగే మోసం ఇక్కడే. ఒక తల్లి ముప్పై ఏళ్ళు నరకం మౌనంగా భరించి కాపురం నిలిపితే, ఆమె సమాధిరోజున 'ఎంత ఓర్పుగల ఇల్లాలు' అంటాం. నిజమే. అంతటితో ఆగితే బాగుండును. ఆగం. 'చూశారా, అప్పుడు మేం చేసిన సంబంధం మంచిదే కదా' అంటాం. ఆమె సంపాదించుకున్న పుణ్యాన్ని మన ఖాతాలో వేసుకుంటాం. ఒకరి గాయాన్ని కట్టిన గుడ్డతో కత్తి తుడుచుకున్నట్లుంటుంది ఈ పని. పైగా ఓర్చుకోలేక బయటకు వచ్చిన అమ్మాయికి ఆ ఓర్చుకున్న ఆమెనే ఉదాహరణగా చూపిస్తాం. పెండ్లయిన 7 ఏళ్ళలోపు జరిగే వరకట్న మరణాలకు 1986లో ప్రత్యేక శిక్ష పెట్టవలసి వచ్చిందంటే, ఆ సలహా విని తిరిగి అత్తవారింటికి వెళ్ళిన పిల్లలు ఎందరు ఉండి ఉండాలి?

కేథరిన్‌కు పిల్లలు కలగలేదు. గర్భం నిలవక పోయింది, ఒకసారి కాదు. 1663లో జబ్బు తీవ్రమై మతి తప్పినప్పుడు తనకు బిడ్డ పుట్టాడని పలవరించింది. అప్పుడు రాజు మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు. ఆయన రాయి కాదు, బలహీనుడు. వారసుడు లేడని తెలిశాక రాజ్యపెద్దలు కొందరు విడాకులిచ్చి మరో రాణిని తెచ్చుకొమ్మన్నారు. కాంట్ అనే జర్మను తత్త్వవేత్త 1785లో ఒక సంగతి తేల్చి చెప్పాడు. ధర ఉన్నదాని స్థానంలో సరిసమానమైన మరొకదాన్ని పెట్టవచ్చు. ఏ ధరకూ అందనిదానికి ఉండేది గౌరవం. మనిషిది ఆ రెండవ జాతి. కేథరిన్‌ను ధర కట్టి తెచ్చారు కాబట్టే, ఫలించలేదనగానే మార్చుకునే మాట అంత సులభంగా నోటికొచ్చింది. 'ఇంత కట్నం తెచ్చినా కడుపు పండలేదు' అని అత్త అన్నా, 'ఇంత కట్నం పోసినా అల్లుడు ఎందుకూ పనికిరాలేదు' అని మామ అన్నా, రెండూ అంగట్లో మాటలే.

చార్లెస్ మాత్రం ఆమెను వదలలేదు. 1678లో టైటస్ ఓట్స్ అనేవాడు కథోలికులు రాజును చంపబోతున్నారని అబద్ధపు కుట్ర ఒకటి సృష్టించాడు. నిరపరాధులైన గురువులు, విశ్వాసులు ఎందరో ఉరికంబమెక్కారు. ఆ నవంబరులో రాణే రాజుకు విషం పెట్టించబోయిందని ఓట్స్ పార్లమెంటులో నిందవేశాడు. ఆమెను వదిలించుకోవడానికి రాజుకు అంతకన్న మంచి అవకాశం రాదు. ఆయన ఒప్పుకోలేదు. ఆమె పక్కన నిలబడ్డాడు. విషం ఇవ్వబోయాడన్న ఆమె వైద్యుడు 1679లో నిర్దోషిగా బయటపడ్డాడు. ఇది చదివి, 'చివరకు ఓర్పు ఫలించింది కదా ఫాదర్ గారూ' అంటారేమో. ఆ మాట చార్లెస్ అనుకోలేదు. అదే నాకు ముఖ్యమనిపిస్తుంది.

1685 ఫిబ్రవరిలో ఆయన మరణశయ్య మీద ఉన్నాడు. రాణి దుఃఖం పట్టలేక పక్కగదికి వెళ్ళిపోయింది. దగ్గర ఉండలేకపోతున్నందుకు, తాను ఎప్పుడైనా నొప్పించి ఉంటే అందుకు క్షమించమని కబురు పంపింది. ఆ కబురు విని రాజు విస్తుపోయాడు. ఆ అభాగ్యురాలు నన్ను క్షమాపణ అడగడమేమిటి, నేనే ఆమెను హృదయపూర్వకంగా వేడుకుంటున్నానని చెప్పమన్నాడు. ముందురోజు రాత్రే హడిల్‌స్టన్ అనే బెనెడిక్టు సభ గురువు, రాణి పరివారానికి చెందినవాడు, రహస్యంగా వచ్చి ఆయన పాపసంకీర్తనం విని, కథోలిక శ్రీసభలో చేర్చుకుని, దివ్యసత్ప్రసాదం, అవస్థ అభ్యంగనం ఇచ్చాడు. పాపసంకీర్తనం చేసి లేచిన మనిషికి బాకీ ఎవరిదో తెలిసింది. ఇరవై మూడేళ్ళ ఆమె ఓర్పు తన అప్పును కొట్టివేసిందని ఆయన అనుకోలేదు. అది తీర్చవలసిన అప్పుగానే మిగిలి ఉందని గ్రహించి, చేతిలో మిగిలిన చివరి గంటల్లో క్షమాపణ అడిగాడు. క్లారెండన్ అడిగిన దాఖలా లేదు. కట్నం లెక్కలు రాసినవారు అడిగిన దాఖలా లేదు. మన ఊళ్ళలో కూడా తాగుడు మానిన అల్లుడు ఎప్పుడో ఒకనాడు భార్య ముందు తలవంచుతాడు. సంబంధం కుదిర్చి, కట్నం బేరమాడి, తరువాత సర్దుకొమ్మని పంపినవారు మాత్రం గుడిలో ముందు వరుసలోనే కూర్చుంటారు.

కేథరిన్ ఆ తరువాత మరికొన్నేళ్ళు ఇంగ్లండులో ఉండి, 1692లో బయలుదేరి 1693 జనవరిలో లిస్బను చేరింది. ముప్పై ఏళ్ళ తరువాత పుట్టిల్లు. అక్కడ తన కొరకు ఒక మేడ కట్టించుకుంది. 1704, 1705 సంవత్సరాలలో తమ్ముడు పేద్రో రాజు జబ్బుపడినప్పుడు రాజ్యభారాన్ని ఆమెకే అప్పగించారు. స్పెయినుతో యుద్ధం సాగుతున్న కాలం. ఆమె ఏలుబడిలో పోర్చుగల్ సేనలకు విజయాలు కలిగాయి. ఒకప్పుడు సంధిపత్రంలో అంశంగా ఉన్న మనిషి ఇప్పుడు పత్రాలమీద సంతకం చేసింది. అప్పటికి ఆమెకు అరవై ఆరేళ్ళు. 1705 డిసెంబరు 31న ప్రభువునందు నిద్రించింది.

అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా బొంబాయి కంపెనీవారికి పడమటి తీరంలో ప్రధాన స్థానం. ఆ నగరాన్ని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.